శాంక్షన్: మంజూరా, ఆంక్షా?

(హైదరాబాద్‌లోని ఒక గ్రంథాలయం హాల్లో అనువాదకులు, జర్నలిజం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకు వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడు కాస్త ఎక్కువగానే ఉంది. ఆపమంటే ఆపేస్తారు గానీ, ఈ ఎండలో మీరంతా నన్నే తిట్టుకుంటారు. వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ఈ వేళ ఒక్క ఇంగ్లిష్ మాట గురించే మాట్లాడతానంటే నిర్వాహకులు కంగారుపడ్డారు. "ఒక్క మాటేనా సార్, జనం కూర్చుంటారా?" అన్నారు. ఆ మాట ఏమిటో చెప్పాక, "ఓ, అదా, అది అందరికీ తెలిసిందే కదా" అని ఇంకొంచెం కంగారుపడ్డారు. (నవ్వులు)

మాట శాంక్షన్. అందరికీ తెలుసు, నిజమే. లోన్ శాంక్షన్ అయిందా? లీవు శాంక్షన్ చేశారా? నాన్నగారి పింఛను శాంక్షన్ ఆర్డర్ వచ్చిందా? మా వీధి చివర ఆకుకూరలు అమ్మే అమ్మ మొన్న కొత్తిమీర కట్ట చేతికిస్తూ, "డ్వాక్రా లోను శాంక్షనైంది బిడ్డా" అంది. అది ఇంగ్లిష్ మాటని ఆమెకు గుర్తు కూడా లేదు. అంతగా మనదైపోయింది.

అదే రోజు పొద్దున పేపర్లో ఏముంది? ఇరాన్‌పై అమెరికా ఆంక్షలు. రష్యాపై యూరప్ ఆంక్షలు. ఇంగ్లిష్ పేపర్లో అదేచోట ఉన్న మాట కూడా శాంక్షనే. ఆకుకూరల అమ్మ ముఖం వెలిగించిన మాటా, ఒక దేశం నౌకల్ని రేవుల్లో ఆపేసే మాటా ఒకటే. ఒకటి ఇవ్వడం, ఇంకోటి అడ్డుకోవడం. ఇదెలా కుదిరింది? పేపర్లో కూర్చుని అనువాదం చేసేవాడు దీంతో ఎలా దెబ్బతింటాడు? నేను దెబ్బతిన్నాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

తొంభైల మొదట్లో నేనొక తెలుగు దినపత్రికలో ట్రైనీ సబ్ ఎడిటర్‌ని. పేరు వద్దు. రాత్రి డ్యూటీ. టెలిప్రింటర్ టకటకా కొట్టుకుంటూ బారెడు కాగితం కక్కేది. చించుకుని ముందు పెట్టుకుని రాసుకుపోవడమే. ఒక అధికారి మీద లంచం కేసు. ఆయన్ని కోర్టు మెట్లెక్కించడానికి ప్రభుత్వ శాంక్షన్ కోసం చూస్తున్నారని వార్త. నా బుర్రలో అప్పటికి శాంక్షన్ అంటే ఆంక్ష అని గట్టిగా నాటుకుపోయి ఉంది, ఆ వారమంతా అంతర్జాతీయ వార్తలే చేశాను మరి. హెడ్డింగ్ పెట్టాను: "అధికారిపై విచారణకు సర్కారు ఆంక్ష".

మా చీఫ్ సబ్ గారు ప్రూఫు చూసి అరవలేదు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "ఏం బాబూ, సర్కారు ఏం చేసిందట?" అన్నారు.

"ఆంక్ష పెట్టింది సార్."

"దేని మీద?"

"విచారణ మీద సార్."

"అట్లాగా. ఆ అధికారి ఇంట్లో రేపు పాయసం వండుకుంటారు."

(నవ్వులు)

నాకు అప్పటికీ అర్థం కాలేదు. ఆయనే ఎర్ర పెన్నుతో ఆంక్ష కొట్టేసి "అనుమతి రావాలి" అని రాశారు. కానీ జిల్లా ఎడిషన్ అప్పటికే వ్యానెక్కేసింది. మర్నాడు లోపలి పేజీలో, అగ్గిపెట్టె అంత చోట్లో సవరణ వేశాం. ఆ సవరణను ఎవరూ చదివి ఉండరు, ఆ తప్పును మాత్రం అందరూ చదివి ఉంటారు.

సరే, ఈ మాట పుట్టిల్లు రోము. లాటిన్‌లో సాంకీరే అని ఒక క్రియ. ఒకదాన్ని పవిత్రం చేయడం, ఇక దీన్ని ఎవరూ ముట్టుకోకూడదని కట్టడి చేయడం. సాంక్టస్ అంటే అలా పవిత్రమైనది. సెయింట్, శాంక్చువరీ అన్నీ ఆ కుదురు నుంచి వచ్చిన మొక్కలే. అభయారణ్యాన్ని శాంక్చువరీ అనడం గమనించండి. జింకకు అది అభయం, వేటగాడికి నిషేధం. అడవి ఒక్కటే. లోపల నిలబడ్డవాడు ఎవడన్నదాన్ని బట్టి దాని అర్థం మారింది.

ఇంకో అడుగు ముందుకు వెళ్దాం. క్రీస్తు శకం 533లో జస్టీనియన్ చక్రవర్తి న్యాయ విద్యార్థుల కోసం ఒక పాఠ్యగ్రంథం తయారు చేయించాడు, ఇన్‌స్టిట్యూట్స్ అని. అందులో ఊరి గోడల గురించి ఒక ముక్క ఉంది. నగరం గోడల్ని, ద్వారాల్ని పవిత్రమైనవి అని ఎందుకంటున్నామంటే, వాటికి హాని చేసినవాడికి మరణశిక్ష విధించారు కాబట్టి. ఆ వెంటనే అంటాడు: అందుకే చట్టంలో శిక్ష చెప్పే భాగాన్ని శాంక్షన్ అంటున్నాం. చూశారా, పదిహేను వందల ఏళ్ల కిందటే పాఠం చెప్పేసి వెళ్లాడు. గోడ పవిత్రం, ముట్టుకుంటే శిక్ష. ఇవి రెండు సంగతులు కావు. శిక్ష ఉంది కాబట్టే అది పవిత్రం.

గోడ అంటే మనకు గుర్తొచ్చేది మన పాత నగరం గోడే. పదమూడు దర్వాజాలు ఉండేవి, ఇప్పుడు మిగిలినవి రెండు, పురానాపుల్ దగ్గర ఒకటి, దబీర్‌పురాలో ఒకటి. దబీర్ అంటే ఫారసీలో లేఖకుడు, రాతగాడు. అంటే మీరూ నేనూ. రాతగాళ్ల పేరున్న దర్వాజా మిగిలింది కదా అని నేను అటువైపు వెళ్లినప్పుడల్లా కాస్త గర్వపడుతుంటాను. (నవ్వులు) దర్వాజా కూడా అంతే కదా. అది లోపలికి రానిచ్చేదా, రాకుండా ఆపేదా? రెండూను. కాపలావాడి మాటను బట్టి ఉంటుంది.

ఇంగ్లిష్‌లోకి ఈ మాట మొదట చట్టం, శాసనం అన్న అర్థంలో వచ్చింది. రాజుగారో చర్చో వేసిన ముద్ర. యూరప్ చరిత్ర చదివినవాళ్లకు ప్రాగ్మాటిక్ శాంక్షన్ గుర్తుండాలి. 1713లో ఆస్ట్రియాను ఏలిన ఆరవ చార్లెస్ చక్రవర్తి, కొడుకు లేకపోతే కూతురికి వారసత్వం దక్కేలా చేసిన శాసనం అది. తర్వాత ఆ కూతురు మరియా తెరీసా గద్దె ఎక్కేసరికి ఆ కాగితాన్ని ఒప్పుకున్నవాళ్లే యుద్ధానికి దిగారు. శాసనం ఉంది, దాన్ని నిలబెట్టే బలం అందరి దగ్గరా లేదు. ఆ తర్వాత ఈ మాట రెండు దారుల్లో నడిచింది. శాసనాన్ని ఆమోదించడం అనే దారి ఒకటి, అదే మన లోన్ దాకా వచ్చింది. శాసనాన్ని మీరితే పడే దెబ్బ అనే దారి ఇంకోటి.

మధ్యలో తత్వవేత్తలు కూడా దీన్ని వాడుకున్నారు. జెరెమీ బెంథామ్ 1789లో అచ్చయిన పుస్తకంలో మనిషిని అదుపులో ఉంచే నాలుగు శాంక్షన్లు చెప్పాడు: ప్రకృతి, రాజ్యం, లోకం మాట, దేవుడు. ఆయన లెక్కలో సుఖమూ, దుఃఖమూ రెండూ అందులోనే ఉన్నాయి. దీన్ని తెలుగు చేయమంటే ఏం చేస్తారు? మంజూరు అంటే నవ్వుతారు, ఆంక్ష అంటే సగమే వస్తుంది. నేనైతే "కట్టుబాటు" అంటాను. మీకు ఇంకా మంచిది దొరికితే చెప్పండి.

దేశాల మీద ఆంక్షలు అన్న అర్థం ఊపందుకున్నది మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత. నానాజాతి సమితి ఒప్పందంలో పదహారో అధికరణం, 1935లో ఇథియోపియా మీదికి వెళ్లిన ఇటలీ మీద దాన్ని ప్రయోగించడం, అవన్నీ చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి, నేను ఆగను. ఒక చిత్రం మాత్రం చెప్తాను. ఐక్యరాజ్య సమితి చార్టర్‌లో ఆంక్షల అధికారం ఇచ్చేది 41వ అధికరణం. అందులో శాంక్షన్ అన్న మాటే లేదు! సైనిక బలం వాడని చర్యలు అని ఉంటుంది. ఆర్థిక సంబంధాలు తెంచడం, రైళ్లు, ఓడలు, విమానాలు, తపాలా, తంతి ఆపడం అని వరసపెడుతుంది. పేరు మాత్రం జనం పెట్టుకున్నదే.

మనకు అనుభవంలోకి వచ్చింది 1998లో. మే 11న, 13న పోఖ్రాన్‌లో అణుపరీక్షలు, వెంటనే అమెరికా ఆంక్షలు. 2001 సెప్టెంబర్‌లో ఎత్తేశారు. ఆ మూడేళ్లలో ఆంక్షలు అన్న మాట తెలుగు డెస్కుల్లో ఎన్నిసార్లు పడిందో లెక్క లేదు. అప్పటికి నేను పాఠం నేర్చుకుని ఉన్నాను కాబట్టి తప్పు చేయలేదు. (నవ్వులు)

ఇప్పుడు మన ఊరికి వద్దాం. అసలు నాకు ఇష్టమైన భాగం ఇది.

తెలుగువాడు ఇంగ్లిష్ మాటను తెచ్చుకున్నాడు గానీ సగమే తెచ్చుకున్నాడు. బాగా చూడండి. లోన్ శాంక్షన్ అంటాం, పోస్టు శాంక్షన్ అంటాం. "ఇరాన్ మీద శాంక్షన్ పడింది" అని ఛాయ్ దగ్గర ఎవరైనా అనగా విన్నారా? నేను వినలేదు. అక్కడ ఆంక్షే. తీపి సగం ఇంట్లోకి రానిచ్చి, చేదు సగాన్ని గుమ్మం బయటే నిలబెట్టాం. అందుకే మనవాళ్లు ఇంగ్లిష్ చదివేటప్పుడు తడబడతారు. మనకు తెలిసిన శాంక్షన్ అక్కడ ఉన్న శాంక్షన్‌లో సగమే.

ఆ తీపి సగానికి శాంక్షన్ రాకముందు మనకేమీ మాట లేదా? మంజూరు ఉంది. మా పెదనాన్న నీటిపారుదల శాఖలో గుమస్తా. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న మనిషి. తెలుగు మాట్లాడతాడు, లెక్క ఉర్దూలో చేస్తాడు, సంతకం ఇంగ్లిష్‌లో పెడతాడు. ఒకసారి నేను "పెదనాన్నా, మంజూరు తెలుగు మాటేనా?" అని అడిగితే, పడక్కుర్చీలో వెనక్కి వాలి తన రెండు కళ్ల వైపు వేళ్లు చూపించాడు. "ఇదే" అన్నాడు. నాకు బోధపడలేదు. "నజర్ రా. మంజూర్ అంటే నజర్‌లో పడ్డది. పెద్దసారు చూసిండు, అంతే, అయిపోయింది."

తర్వాత నిఘంటువు తిరగేస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అరబీ ధాతువు ఒకటే. నజర్ చూపు, నజారా దృశ్యం, ఇంతెజార్ ఎదురుచూపు, మంజూర్ చూడబడినది. కోర్టుల్లో ఇప్పటికీ ఉన్న నాజర్ ఉద్యోగం కూడా ఆ కుటుంబమే, చూసుకునేవాడు. ఒక హెచ్చరిక: నజరానా ఈ కుటుంబం కాదు. చెవికి ఒకటే అనిపిస్తుంది గానీ ఉర్దూలో రాసే అక్షరం వేరు, దాని అర్థం మొక్కుబడి, కానుక. మంజూరుకీ నజరానాకీ చుట్టరికం లేదని భాషాశాస్త్రం చెప్తుంది. ఆఫీసుల అనుభవం ఏం చెప్తుందో మీకే తెలుసు. (నవ్వులు, చప్పట్లు)

రోమువాడికి అధికారం అంటే గీత గీయడం. ఫారసీ, ఉర్దూ దఫ్తరులో అధికారం అంటే చూడటం. దొరగారి కన్ను పడితే పని అయినట్టు. మా పెదనాన్న ఫైళ్లలో రెండూ పక్కపక్కనే ఉండేవి. కింద గుమస్తా నోట్ రాస్తాడు, "మంజూరు చేయవచ్చు" అని. పైనుంచి పచ్చ సిరాలో ఒక్క మాట దిగుతుంది: శాంక్షన్డ్. ఆ ఒక్క మాట కోసం ఫైలు ఎన్ని బల్లలు ఎక్కి దిగేదో ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేవాడు. ఇంజనీరింగ్ శాఖల్లో ఇది ఒకసారితో కూడా అయిపోదు. ముందు పరిపాలనా మంజూరు, ఆ తర్వాత సాంకేతిక మంజూరు. పని చేయాలా వద్దా అన్నది మొదటిది, లెక్కలూ డిజైనూ సరిగా ఉన్నాయా అన్నది రెండోది. ఈ రెండింటినీ కలిపేసి "చెరువు పనులకు అనుమతి" అని రాసేస్తుంటారు. రెండోది రాకుండా టెండర్ పిలవరు. రైతుకు ఆ తేడా తెలియాలి కదా.

శాంక్షన్ అయిందంటే డబ్బు వచ్చినట్టు కాదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. మంజూరు వేరు, విడుదల వేరు, చెల్లింపు వేరు. ఇంటి లోన్ తీసుకున్నవాళ్లకు తెలుసు, శాంక్షన్ లెటర్ చేతిలో పట్టుకుని ఊరంతా స్వీట్లు పంచి, తర్వాత లీగల్ ఒపీనియన్ దగ్గర ఆగిపోయినవాళ్లు ఉంటారు. నేనొకణ్ని. ఏ బ్యాంకో అడగకండి. పోస్టుల విషయంలో కూడా అంతే. తెలంగాణ హైకోర్టుకు మంజూరైన న్యాయమూర్తుల సంఖ్య 2021లో 24 నుంచి 42కి పెరిగింది. అంటే కుర్చీలు 42. కూర్చున్నవాళ్లు ఎందరన్నది వేరే లెక్క. వార్తలో "42 మంది న్యాయమూర్తులు ఉన్నారు" అని రాస్తే తప్పు రాసినట్టే.

నన్ను ముంచిన ఆ ప్రాసిక్యూషన్ శాంక్షన్ సంగతి కూడా చెప్పేస్తాను. ప్రభుత్వోద్యోగి డ్యూటీలో చేసిన పని మీద కేసును కోర్టు తీసుకోవాలంటే ముందు ప్రభుత్వం సరేననాలి. పాత నేర విచారణ స్మృతిలో 197వ సెక్షన్, 2024 జులై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 218. లంచం కేసులకు 1988 అవినీతి నిరోధక చట్టంలో 19వ సెక్షన్. కొత్త సంహితలో ఒక మెలిక ఉంది. అడిగిన 120 రోజుల్లో ప్రభుత్వం ఏదీ తేల్చకపోతే, శాంక్షన్ ఇచ్చినట్టే లెక్క. మౌనం అంగీకారం అన్నమాట, చట్టంలోకి ఎక్కింది. ఇక్కడ శాంక్షన్‌కు నేను మంజూరు అని రాయను. డబ్బు, సెలవు, పోస్టు అయితే మంజూరు. ప్రాసిక్యూషన్‌కు అనుమతి. ఎన్‌సీఎల్‌టీ, అంటే కంపెనీల వ్యవహారాలు తేల్చే ట్రిబ్యునల్, రెండు కంపెనీల విలీన పథకాన్ని శాంక్షన్ చేస్తే ఆమోదం. తెలుగు చెవికి ఈ మూడూ ఒకటి కావు.

సరే, ఇంగ్లిష్ వాక్యం ఎదురుగా ఉంది, ఏ సగమో ఎలా తేలుతుంది? నేను పట్టుకున్న ఉపాయం ఒకటే. క్రియగా వచ్చిందా, దాని తర్వాత ఏముందో చూడండి. మనిషో, దేశమో, కంపెనీయో ఉంటే చాలామటుకు దెబ్బ పడ్డట్టు. పనో, మొత్తమో, పోస్టో ఉంటే వరం ఇచ్చినట్టు. కోర్టు పథకాన్ని శాంక్షన్ చేసింది అంటే ఆమోదించింది. కోర్టు లాయర్‌ని శాంక్షన్ చేసింది అంటే, అమెరికా వార్తల్లో ఇది తరచూ వస్తుంది, ఆ లాయర్‌కు జరిమానాయో మరో శిక్షో పడింది. నామవాచకంగా వస్తే పక్కన మాటలు చూడండి. ఇంపోజ్, లిఫ్ట్, అగైనెస్ట్ ఉంటే ఆంక్ష. అకార్డ్, గ్రాంట్, ఫర్ ఉంటే మంజూరు. బహువచనం కనపడిందంటే నూటికి తొంభైసార్లు ఆంక్షలే, ఇది నా లెక్క, పరిశోధన కాదు.

ఈ మధ్య ఫోన్లో ఒక అనువాదం యాప్‌లో పరీక్షించాను. అమెరికా ఒక భారతీయ కంపెనీపై ఆంక్షలు పెట్టిందన్న హెడ్డింగ్ వేస్తే, "అమెరికా భారత కంపెనీని మంజూరు చేసింది" అని వచ్చింది. ఆ కంపెనీ వాళ్లు చూసుంటే పాయసం వండుకునేవారు. (నవ్వులు)

వెనక్కి చేసే అనువాదంలోనూ గొయ్యి ఉంది. గణేశ్ నిమజ్జనం రోజు మన పేపర్లలో "ట్యాంక్‌బండ్ పరిసరాల్లో ట్రాఫిక్ ఆంక్షలు" అని వేస్తాం. దాన్ని ఇంగ్లిష్‌లో ట్రాఫిక్ శాంక్షన్స్ అనేశాడు ఒక కుర్రాడు, మా క్లాసులోనే. ట్యాంక్‌బండ్ మీద అమెరికాకు కోపం వచ్చినట్టుంది. అక్కడ రెస్ట్రిక్షన్స్ అనాలి. అంటే ఆంక్ష మన భాషలో శాంక్షన్ కంటే విశాలమైన మాట. కర్ఫ్యూ దగ్గర్నుంచి హాస్టల్ గేటు టైమింగ్ దాకా అన్నీ ఆంక్షలే.

ఒక మాటకు రెండు ఎదురు అర్థాలు ఉండటం ఇంగ్లిష్ వింత అనుకోకండి. ఓవర్‌సైట్ ఉంది, పర్యవేక్షణా అదే, చూడకుండా వదిలేసిన పొరపాటూ అదే. మన ఇంట్లో చూడండి. బియ్యం నిండుకున్నాయి అంటే ఏమిటి? డబ్బా ఖాళీ! అయిపోయాయి అనడం ఇష్టం లేక నిండాయి అన్నారు అమ్మమ్మలు. దీపం కొండెక్కింది, ఆరిపోయింది అనరు. ఇక పాతబస్తీలో కల్ అంటే నిన్నా, రేపూ. పర్సోం అంటే మొన్నా కావచ్చు, పదేళ్ల కిందటా కావచ్చు. ఎవరూ తికమక పడరు. పక్క మాట చెప్పేస్తుంది. మనం మన భాషలో రోజూ చేసే పనే ఇది, ఇంగ్లిష్ ఎదురుగా కనపడగానే మర్చిపోతాం.

నా వైపు నుంచి ఇంతే. ప్రశ్నలు ఉంటే అడగండి. ఆ, మీరు, రెండో వరసలో అమ్మా.

(శ్రోత: సర్, మా అపార్ట్‌మెంట్‌కు మున్సిపల్ నోటీసు వచ్చింది. "శాంక్షన్డ్ ప్లాన్‌కు విరుద్ధంగా" అని ఉంది. ఇది ఏ సగం?)

చాలా మంచి ప్రశ్న. ప్లాన్ దగ్గర ఉన్నది తీపి సగం, ఆమోదించిన ప్లాన్. కానీ నోటీసు వచ్చిందంటే దాని వెనకాల రెండోది కూడా వచ్చింది. గీత గీశారు, గీత దాటారు అంటున్నారు. జస్టీనియన్ గోడ లాంటిదే ఇది. ఒకే కాగితం మీద రెండు సగాలూ దొరకడం అరుదు, జాగ్రత్తగా దాచుకోండి. మీ బిల్డింగ్‌కు ఎన్ని అంతస్తులకు శాంక్షన్ ఉందమ్మా?

(శ్రోత: నాలుగు, సర్.)

మీరుండేది?

(శ్రోత: ఐదు.)

(నవ్వులు)